పుల్లోడూ అల్లం ముద్దా

మా ఇంట్లో రోటి దగ్గర అల్లం వాసన లేస్తే చాలు, ఒక మనిషి ఉన్నపళంగా లేచి వీధిలోకి పోతాడు. ఆ మనిషి నా మొగుడు మద్దిలేటిరెడ్డి. పోనీ, నాకేం? ఆయన పోతున్నాడని నేను నూరడం ఆపను. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి అవసరం లేకపోయినా నూరుతాను. ఎందుకని ఎవరన్నా అడిగితే చెబుతాను. దాచుకోవలసిన పనేం చేయలేదు నేను.

ఆళ్ళగడ్డకు నడిచిపోయేంత దూరంలో ఉంది మా ఊరు. అక్కడ నన్ను అల్లం సుంకులమ్మ అంటారు. మా నల్లరేగడిలో జొన్న పండుతుంది, పత్తి పండుతుంది, కాలువ కింద వరి పండుతుంది, అల్లం మాత్రం పండదు. దుంప పెడితే నీళ్ళు నిలిచి కుళ్ళిపోతుంది. నంద్యాల అంగళ్ళకు అది రైల్లో రావలసిందే. పడమటి కొండల అవతల, వాన తెరిపివ్వని మలయాళ దేశంలో అల్లం పెరుగుతుందని మా అవ్వ చెప్పేది. మన తాతముత్తాతలు పుట్టకముందే అరబ్బు దేశపు వాళ్ళు ఓడలు కట్టుకుని దానికోసం వచ్చేవాళ్ళట. సముద్రం మీద కడుపులో తిప్పకుండా తలా ఒక ముక్క బుగ్గన పెట్టుకునేవాళ్ళట. మా అవ్వ సముద్రం చూసిందా ఏమన్నానా! మా పుట్టింటి ఊరు దొర్నిపాడు పొలిమేర దాటి ఎరగదు. ఆమెకు వాళ్ళవ్వ చెప్పింది, ఆమె నాకు చెప్పింది, నాతోపాటు ఆ వైద్యమూ అత్తగారింటికి వచ్చింది.

రోటి పక్కన కుండలో ఇసక పోసి అందులో అల్లం పూడ్చి ఉంచేదాన్ని. దగ్గుకు అల్లం రసం, తేనె. అన్నం సయించకపోతే భోజనానికి ముందు అల్లం ముక్క, ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. తలనొప్పికి సొంఠి అరగదీసి నుదుటికి పట్టు. బాలింతకు నేతిలో వేయించిన సొంఠిపొడి మొదటి ముద్దలో. పశువుకు కడుపు ఉబ్బితే అల్లం, వాము, ఇంగువ నూరి నువ్వుల నూనెలో కలిపి వెదురు గొట్టంతో గొంతులో పోసేదాన్ని. మునసబు ఇంటి నుంచి మాలపల్లె దాకా నా కుండలో చేయి పెట్టని ఇల్లు లేదు. నా చేతులు ఎంత కడిగినా అల్లం వాసనే వచ్చేవి. పెళ్ళైన కొత్తలో నా మొగుడు ఆ చేతులు ముఖానికి ఆనించుకుని నిద్రపోయేవాడు. అదీ జరిగింది, ఎందుకు దాచాలి?

ఇక పుల్లోడి సంగతి. నా పెళ్ళికి మా నాయన ఒక ఎర్రావును నా వెంట తోలాడు. రెండో ఈతకు అది ముసురు పట్టిన రోజున ఈని, దూడ నేల మీద పడగానే కన్ను మూసింది. దూడ చలికి కొయ్యబారి పడి ఉంది. "ఇది బతకదు, తీసి పారెయ్యండి" అన్నాడు మా ఆయన. నేను పారెయ్యలేదు. సొంఠిపొడి గోరువెచ్చని నూనెలో వేసి దాని రొమ్మంతా రుద్దాను. మేకపాలలో ఒక్క చుక్క అల్లం రసం కలిపి, గుడ్డ తడిపి, నా వేళ్ళతోనే చీకించాను. బతికింది. ఎర్రగా, నుదుట తెల్లటి బొట్టుతో పెరిగింది. పుల్లోడని పేరు పెట్టాను. దానికి తల్లి వాసన అంటే అల్లం వాసనే. కోడె అయ్యాక కూడా నేను కొట్టంలోకి పోతే మొదట నా చేతులు వాసన చూసి, తర్వాత అరచేయి నాకి, ఆ తర్వాతే మేత ముట్టేది. నాకు బిడ్డల్లేరు. ఆ ఇంట్లో చెంబూ తపేళా దగ్గర్నుంచి అన్నీ ఆయనవే. పుల్లోడు ఒక్కడే నావాడు.

మా ఆయనకు బండలాగుడు పిచ్చి. ఈ సీమలో మగవాళ్ళకు అదొక జబ్బు, దానికి నా కుండలో కూడా మందు లేదు. పెద్ద రాతిబండకు గొలుసు కట్టి, కాడికి రెండు ఎడ్లను పూన్చి, ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ఉగాదికి నంద్యాలలో పెట్టే పందెం అన్నిటికంటే పెద్దది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, అక్కడి నుంచి అధికార్లు కూడా జీపుల్లో వచ్చి కుర్చీలేసుకుని చూసేవాళ్ళు. ఆ ఏడు పుల్లోడినీ, దానికి జతగా కొన్న మచ్చల ఎద్దునూ తోలుకుపోవాలని మా ఆయన కూచున్నాడు.

పందేనికి ముందు ఎడ్లకు అల్లం బెల్లం ముద్ద పెట్టడం మా దిక్కు వాడుక. ఒంట్లో వేడి పుడుతుంది, మేత బాగా అరుగుతుంది, దమ్ము నిలుస్తుంది. బయలుదేరే ముందు ఆయన నా దగ్గరికి వచ్చి ఎన్నడూ లేనంత నిమ్మళంగా మాట్లాడాడు.

"ఏమ్మే, ఎడ్లకు ముద్దలు చేస్తాండావు గదా, అల్లం రోంత ఎక్కువ నూరు. బెల్లం కలపనిది కూడా గొంచెం ఆకులో కట్టియ్యి."

"బెల్లం లేకుండా ఎందుకప్పా?"

"దోవలో పొట్ట ఉబ్బితేనో? మందు దగ్గరుంటే మంచిది గదా."

నా మొగుడికి ఇన్నాళ్ళకు మందు విలువ తెలిసిందని మురిసిపోయాను. మెత్తగా నూరి, ఇంత ముద్ద మోదుగాకులో కట్టి, నా చేత్తో నేనే ఇచ్చాను.

నంద్యాల మైదానంలో ఆడవాళ్ళం దూరంగా నిలిపిన బండ్ల మీద నిలబడి చూశాం. పుల్లోడు మొదట బాగానే లాగాడు. ఎండ ముదిరేసరికి కాళ్ళు తడబడ్డాయి, బండ నిలిచిపోయింది. జనం ఈలలు వేశారు. అప్పుడు మా జీతగాడు శాంతయ్య ఎడ్ల వెనక్కి పోయాడు, మా ఆయన ముందుకు పోయి పుల్లోడి ముకుతాడు పట్టుకున్నాడు. ఏం చేశారో గుంపులో కనపడలేదు. ఒక్కసారిగా పుల్లోడు తోక నిక్కబొడుచుకుని, నోట నురగ కక్కుకుంటూ ముందుకు దూకాడు. మచ్చల ఎద్దును కూడా ఈడ్చుకుపోయాడు. అంత బండా నేల మీద ఎగిరెగిరి పడింది.

"అబ్బబ్బ! పౌరుషమంటే అదప్పా!" అని జనం కేకలు.

నేనూ అరిచాను, "నా బిడ్డ! నా బిడ్డ!" అని గొంతు చించుకుని. గెలిచాం. మా ఆయన చేతికి వెండి కడియం తొడిగారు. బండి మీద నుంచి దిగి పోయేసరికి పుల్లోడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. దుమ్ము పడిందన్నాడు మా ఆయన. ఎద్దుకు దుమ్మేం కొత్త అని అడగలేదు, గెలిచిన సంబరంలో ఉన్నాను.

ఇంటికొచ్చాక గెలిచిన బిడ్డకు పెడదామని ముద్ద పట్టుకుని కొట్టంలోకి పోయాను. పుల్లోడు ముక్కు ఎత్తి గాలి వాసన చూశాడు. అంతే, ఒళ్ళంతా వణుకు. వెనక్కి వెనక్కి జరిగి గోడకు కొట్టుకుని, పలుపు తెంపుకుని, నన్ను తోసేసి బయటికి ఉరికాడు. నేను పడ్డచోట మోచెయ్యి చీరుకుపోయింది. నా బిడ్డ నన్ను తోశాడంటే నమ్మలేకపోయాను. తీసుకొచ్చి కట్టించి, తోక ఎత్తి చూశాను. కింద తోలంతా పొక్కి పుండయి ఉంది.

శాంతయ్యను పిలిచాను. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి, నా ముందు తల ఎత్తలేకపోయాడు.

"ఏంది శాంతయ్యా ఇది? ఏం పెట్టినారు?"

"రెడ్డి పెట్టమనెనమ్మా. నువ్వు నూరిచ్చిన అల్లమే. తోక కింద నేను పెట్టినా. కండ్లకు గూడా రాయమనె. కండ్లకు నా చెయ్యి రాలేదమ్మా, ఆయనే రాసె."

నేను నూరిన అల్లం. నా రోట్లో, నా చేత్తో. ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు తెలియలేదు. అరుగు మీద నలుగురితో కూచుని కడియం తిప్పుకుంటున్న మా ఆయన దగ్గరికి పోయాను.

"నువ్వు మనిషివేనా? నోరులేని దాని కండ్లల్లో అల్లం రాస్తావా?"

"ఏందే ఆ అరుపులు? అందరూ మిరపకాయ పెడ్తాండారు. నేను అల్లం పెట్టినా, మందే గదా! గొంచెం మంట పుడితే సస్తాదా?"

"మందు నోట్లోకప్పా, కండ్లల్లోకి గాదు!"

"గెలిచిందా లేదా?"

"అంత గెలవాలనుంటే నువ్వు పూసుకుని నువ్వే లాగు!"

నలుగురూ నవ్వారు. ఆయన లేచి నా చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ కంటే ఆ నవ్వే నన్ను కాల్చింది. పోయి అల్లం కుండను ఇసకతో సహా దిబ్బలో బోర్లించాను. దగ్గుతో వచ్చినవాళ్ళను, కడుపునొప్పితో వచ్చినవాళ్ళను, అందరినీ తిట్టి పంపించాను. మా ఇంట్లో అల్లం లేదు, ఇక ఉండదు అన్నాను. బాలింత కోసం సొంఠి అడగడానికి మాలపల్లె నుంచి వచ్చిన దానమ్మను కూడా గడప దగ్గర్నుంచే పంపేశాను. అంత కోపం నాది.

నా చేతుల వాసన పోగొట్టుకోవాలని చూశాను. బూడిదతో రుద్దాను, కుంకుడు రసంతో రుద్దాను, బంకమట్టి పూసి ఎండబెట్టుకుని కడిగాను. పుల్లోడు నా చేయి వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేసేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ అడుగు తగ్గింది. ఒక పొద్దున మళ్ళీ నా అరచేయి నాకాడు. ఆ రోజు కొట్టంలోనే కూలబడి ఏడ్చాను. కానీ ఏం లాభం? కోవెలకుంట్ల దిక్కు ఒక పందెం, డోన్ దిక్కు ఒక పందెం, మా ఆయన నంద్యాల నుంచి అల్లం తెచ్చుకుంటూనే ఉన్నాడు. నేను నూరకపోతే తనే రాతి మీద చితక్కొట్టుకునేవాడు. పుల్లోడు తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచీ మట్టి పూసుకుని చేతులు కడుక్కోవడమే నా పని. ముట్టుకోనిస్తాడా, నాకుతాడా అని ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడేదాన్ని.

మరుసటి ఏడు ఉగాది దగ్గరకొచ్చింది. వరి కోతలైపోయి, మళ్ళల్లో పశువుల మేతకు చల్లిన పిల్లిపెసర పచ్చగా లేచి ఉంది. పొద్దున్నే మంచుకు తడిసిన ఆ మేత ఎద్దుకు విషంతో సమానం. శాంతయ్య కట్టు సరిగ్గా వేయలేదో, పుల్లోడే తెంపుకున్నాడో, మడిలో పడి కడుపు పట్టినంత మేసేశాడు. తోలుకొచ్చేసరికి ఎడమ డొక్క డోలులా బిగిసిపోయింది. నాలుక బయటపెట్టి నిలబడ్డాడు.

"ఏమ్మే, బిరీన రా! మందు నూరు!" మా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"అల్లం యాడుంది ఇంట్లో?"

ఆయన అటక ఎక్కి గడ్డి కింద చేయి పెట్టి ఒక మూట తీశాడు. ఉగాది పందేనికని దాచుకున్న అల్లం. తిట్టడానికి అప్పుడు టైము లేదు. వాము, ఇంగువ వేసి నూరి నూనెలో కలిపి పక్కన పెట్టాను. పెట్టి, ఆయన చేయి పట్టుకుని బతిమాలాను. నా జన్మలో ఆయన్ను బతిమాలింది అప్పుడే.

"ఇది ఇప్పుడే తేవద్దప్పా. వాసన తగిలితే వాడు కుదురుగా ఉండడు. ఉత్త నూనె నేను తాగిస్తా. నోట్లో అడ్డంగా కట్టె పెట్టి, మెరక దిక్కు ముఖం పెట్టి నిలబెడదాం, తేన్పులొచ్చి గాలి పోతాది. నువ్వు దూరంగా ఉండు. నీ కాళ్ళు మొక్కుతా."

"సరే పో" అన్నాడు.

చేతులకు మట్టి రుద్ది కడుక్కున్నాను. పాత గొట్టానికి అల్లం కంపు పట్టి ఉంటుందని కొత్త వెదురు కోయించాను. పుల్లోడి దగ్గరికి పోయి, "నాయనా, నేనేరా" అంటూ చేయి చాపాను. వాసన చూశాడు. కదల్లేదు. అంత బాధలోనూ ముట్టె ముందుకు చాపి నా వేళ్ళ మీద పెట్టాడు. నోరు తెరిచాడు. సగం నూనె తాగాడు కూడా. శాంతయ్య డొక్క మర్దన చేస్తున్నాడు, ఒక తేన్పు వచ్చింది. బతుకుతాడనుకున్నాను.

అప్పుడు నా వెనక నుంచి అల్లం వాసన వచ్చింది.

మా ఆయన గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నూనెతో ఏమైతాది? ఉగాదికి దినాలు లేవు. ఇది పోస్తే బిరీన కోలుకుంటాడు."

పుల్లోడు పిచ్చెత్తినట్టు గిర్రున తిరిగాడు. గొట్టం ఎగిరిపోయింది. కట్టుకొయ్య చుట్టూ పరిగెత్తి, కొమ్ములతో గోడ కుమ్ముతూ, ఊపిరందక రంకెలేశాడు.

"తాళ్ళు తెండిరా! కాళ్ళకేసి పడెయ్యండి!" అని మా ఆయన వీధిలోకి అరిచాడు.

"పడెయ్యొద్దు! కడుపుబ్బిన గొడ్డును పడేస్తే ఊపిరాడదు! నిలబెట్టే పొయ్యాల!" నేను అడ్డం పడ్డాను. నన్ను పక్కకు ఈడ్చేశారు. ఊరి మగవాళ్ళు తాళ్ళేసి లాగారు. అంత ఎద్దూ ఎడమ పక్కకే కూలింది. మా ఆయన మెడ మీద మోకాలు పెట్టి, గొట్టం నోట్లోకి తోసి, గిన్నెడు అల్లమూ పోశాడు. సగం గొంతులోకి పోయింది, సగం ఊపిరితిత్తుల్లోకి పోయింది. ముక్కుల్లోంచి పచ్చగా నురగొచ్చింది.

నేను పాక్కుంటూ తల దగ్గరికి పోయాను. వాడి ముట్టె కింద చేయి పెట్టాను, వాసన చూడు నాయనా, నేనే, అంటూ. వాడికి ఇంకా ప్రాణం ఉంది. ఆ ఉన్న కొద్దిపాటి ప్రాణంతో, తాళ్ళ మధ్య నుంచే, నా చేతి నుంచి ముఖం అటు తిప్పుకున్నాడు. తిప్పుకుని పోయాడు. వాడు చచ్చిపోయినందుకు కాదు, నన్ను చూసి బెదిరి చచ్చిపోయినందుకు ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

మా ఆయన లేచి మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. "ఛ! ఉగాదికి ఇంగ ఇట్లాంటి ఎద్దు యాడ దొరుకుతాదో" అన్నాడు. అదే ఆయన ఏడ్చిన ఏడుపు.

పుల్లోడిని తీసుకుపోయారు. పొద్దు వాలేవేళకు మా ఆయన స్నానం చేసి పంచలో మంచం మీద వాలాడు.

"ఏమ్మే, అరిచి అరిచి గొంతు పూడుకుపోయింది. అల్లం మిగిలింది గదా, రోంత రసం పిండు."

జలుబు చేసినప్పుడల్లా అది మా ఇంట్లో అలవాటే. ఆయన వెల్లకిలా పడుకుని నోరు తెరిచేవాడు, నేను తలాపిన నిలబడి గుడ్డలో కట్టిన అల్లం ముద్దను చుక్కలు చుక్కలుగా పిండేదాన్ని. పెళ్ళైనప్పటి నుంచీ అంతే.

నూరాను. ఆ పూట నూరినంత మెత్తగా నేనెన్నడూ నూరలేదు. ఇంత ఉప్పు కూడా వేశాను. గుడ్డలో కట్టి తలాపిన నిలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. పుల్లోడు నోరు తెరిచినట్టే, నా చేతిని నమ్మి.

"కండ్లు తెరువప్పా" అన్నాను.

"ఎందుకే?" అంటూ తెరిచాడు. మూసుకోకుండా ఒక చేత్తో రెప్పలు విప్పి పట్టి, ఇంకో చేత్తో రెండు కళ్ళల్లోనూ పిండాను. గుడ్డ ఒట్టిపోయేదాకా పిండాను.

ఆయన కేకకు వసారాలో కోళ్ళు ఎగిరిపోయాయి. మంచం మీద నుంచి దొర్లి, లేచి, స్తంభానికి కొట్టుకుని, గడపకు తగిలి పడ్డాడు. నీళ్ళు, నీళ్ళు అని పాకుతున్నాడు. ఆ కేక విని శాంతయ్య నీళ్ళ బిందెతో వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. నా వైపు చూశాడు. నేనూ వాడి వైపు చూశాను. వాడు బిందె అక్కడే గోడ వారన దించి, తల వంచుకుని కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

"మందే గదప్పా" అన్నాను. "గొంచెం మంట పుడితే సస్తావా? లెయ్, లేసి లాగు."

బిందె ఎక్కడుందో చెప్పలేదు. ఆయనే తడుముకుంటూ పోయి వెతుక్కున్నాడు.

కళ్ళు వాచి చాన్నాళ్ళు మూసుకుపోయాయి గానీ చూపు పోలేదు. చూపు పోవాలని నేను కోరుకున్నానా అంటే, ఆ పూట కోరుకున్నాను. ఊళ్ళో వాళ్ళకు గడ్డిదుమ్ము పడిందని చెప్పుకున్నాడు, పెళ్ళాం చేసిందని ఎట్లా చెబుతాడు? నన్ను మళ్ళీ కొట్టలేదు. పందేలకూ పోలేదు. నేను నడివసారాలో కుండ పెట్టి, ఇసక పోసి, మళ్ళీ అల్లం పూడ్చాను. దానమ్మకు సొంఠి పంపించాను. ఊరంతా మళ్ళీ నా కుండ దగ్గరికి వచ్చింది, ఆయన ఒక్కడు తప్ప.

ఏటేటా చలికాలం ఆయన్ను దగ్గు పట్టుకుంటుంది. నిన్న పొద్దున మరీ ఎక్కువైంది, తెరలు తెరలుగా దగ్గి దగ్గి మంచం పట్టె పట్టుకుని కూచున్నాడు. నాకు జాలి వేయలేదు. అయినా లేత అల్లం నూరి, రసం తీసి, మంచి తేనె కలిపి, గిన్నె దగ్గరికి తీసుకుపోయాను.

"తాగప్పా, తగ్గుతాది" అన్నాను.

ముక్కు ఎత్తి వాసన చూశాడు. ఒళ్ళంతా వణికింది. గోడ వైపుకు జరిగి, నా చేతి నుంచి ముఖం అటు తిప్పుకున్నాడు.

గిన్నె ఎత్తి నేనే తాగాను.